ధ్రువ కాంతులు రాకున్నా చీకటి ఆకాశం మనదే

ఆకాశాన ఆకుపచ్చ, ఎర్ర తెరలు వేలాడుతున్న ఫోటోలు ఇప్పుడు పల్లె కుర్రకారు సెల్‌ఫోన్లలోనూ కనిపిస్తున్నాయి. ఐస్‌లాండ్ వంటి చలి దేశాల్లో నేలలోంచి వేడినీరు ఎగజిమ్ముతుండగా, వెనుక ఈ ధ్రువ కాంతులు వచ్చేలా రాత్రివేళ ఫోటోలు తీస్తారు. మన గుట్టల మీద ఇవెందుకు కనపడవని పిల్లలు అడిగితే ఏం చెప్పాలి?

జవాబు సూర్యుని దగ్గర ఉంది. సూర్యుని నుంచి విద్యుత్ కణాలు నిత్యం వెలువడుతుంటాయి. భూమి అయస్కాంత శక్తి వాటిని ధ్రువాల వైపు మళ్లిస్తుంది. అక్కడ నూరు కిలోమీటర్ల ఎత్తున అవి గాలిని తాకినప్పుడు ఈ వెలుగులు పుడతాయి. 2024 మే 10 రాత్రి పెద్ద సౌర తుఫాను రాగా, లడఖ్‌లోని హాన్లే పరిశోధనాలయం కెమెరాలకు ఎర్రటి కాంతి చిక్కింది. హాన్లే ఉత్తర అక్షాంశం 32 డిగ్రీలు కాగా, మనది 16, 17 డిగ్రీలే. అంత దిగువకు ఆ వెలుగు రాదు.

అయితే ఆ సూర్యుని చుట్టూ ఉండే కాంతి వలయాన్ని మన ప్రాంతం కళ్లారా చూసింది. 1980 ఫిబ్రవరి 16 శనివారం మధ్యాహ్నం సంపూర్ణ సూర్యగ్రహణపు నీడ మహబూబ్‌నగర్, నల్లగొండ జిల్లాల మీదుగా సాగిపోయింది. ఎందరో తలుపులు బిగించుకుని ఇళ్లలోనే ఉండిపోయారు. సాగర్ రోడ్డుకు చేరువలోని జాపాల-రంగాపూర్ గుట్ట మీద మాత్రం శాస్త్రజ్ఞులు కెమెరాలతో కాచుకుని ఉన్నారు. పట్టపగలు రెండు నిమిషాల పైచిలుకు చీకటి కమ్మింది. ఆ గుట్ట మీద ఉస్మానియా విశ్వవిద్యాలయం వారి 48 అంగుళాల దూరదర్శిని 1968లో నెలకొన్నది. నగరపు వెలుగులకు దూరంగా చిక్కటి చీకటి దొరుకుతుందనే అంత దూరం వచ్చారు. నేడు నగరం పెరిగి ఆ గుట్ట దిక్కుకే వస్తున్నది. ఒకనాటి చీకటి అక్కడ లేదు.

ఊళ్లకు దూరంగా దేవరకొండ, అచ్చంపేట వైపు గుట్టల్లో చీకటి ఇంకా మిగిలే ఉన్నది. అమావాస్య దగ్గరి రోజుల్లో మబ్బు లేని రాత్రి ఫోన్‌ను కదలకుండా బండకు ఆనించి, రాత్రి ఫోటోల పద్ధతి ఎంచుకుని పది, ఇరవై సెకన్లు తీస్తే, కంటికి ఆనని చుక్కలు కూడా పడతాయి. ఏప్రిల్, మే నెలల్లో తెల్లవారుజామున దక్షిణం వైపు పాలపుంత కనిపిస్తుంది. ఉత్తరాన చేయి చాచి పిడికిలి పడితే, నేల అంచు నుంచి రెండు పిడికిళ్లకు కాస్త తక్కువ ఎత్తున ధ్రువ నక్షత్రం ఉంటుంది. అటు తిప్పి గంటసేపు వరుసగా తీసిన ఫోటోలను కలిపితే, చుక్కలన్నీ దాని చుట్టూ తిరిగిన గీతలు వస్తాయి. భూమి తిరుగుతున్నదనడానికి పిల్లలకు ఇంతకు మించిన పాఠం లేదు.

పురుగూ పుట్రా తిరిగే పల్లెకు వీధి దీపం కావలసిందే. దాని వెలుగు బాటన పడాలి గాని, ఆకాశాన పడి లాభమేమిటి? దీపాలకు పైన మూత బిగించి, వెలుగు కిందికే పడేట్లు పంచాయతీలు చూస్తే కరెంటూ వృథా కాదు, చుక్కలూ దక్కుతాయి. ధ్రువ కాంతులు మన చేతిలో లేవు. చీకటిని కాపాడుకోవడం మాత్రం మన చేతిలోనే ఉన్నది.