బీడులో పచ్చిక మొలిచేదెలా?

జూబిలీ హిల్స్, ఫిల్మ్‌నగర్ అనగానే మీకు స్టూడియోలు, సినిమా తారల మేడలు గుర్తుకొస్తాయి. ఆ మేడల మధ్య ఇంకా ఇల్లు కట్టని ఖాళీ స్థలాన్ని వానలు మొదలైన రెండు నెలలకు చూడండి. క్యారెట్ ఆకులవంటి ఆకులతో, చిన్న చిన్న తెల్లని పూలతో ఒక మొక్క నేలంతా కమ్మేసి ఉంటుంది. అదే వయ్యారిభామ. కాంగ్రెసు గడ్డి అని కూడా అంటారు గాని, ఇది గడ్డి కానే కాదు. పొద్దుతిరుగుడు కుటుంబానికి చెందినది. అమెరికా ఖండం నుంచి వచ్చిన ఈ మొక్కను మన దేశంలో 1950లలో పుణెలో గుర్తించారు.

ఈ కొండలు సుమారు 250 కోట్ల ఏళ్లనాటి గ్రానైటు శిలలు. అవి చివికి ఏర్పడిన ఎర్ర ఇసుక నేలలో నీరు నిలవదు, నత్రజని తక్కువ. తెలంగాణ పల్లెల్లోని చల్కా బీళ్లూ ఇటువంటివే. నగరంలో వయ్యారిభామ వల్ల చర్మం దురద, తుమ్ములు, ఉబ్బసం వస్తాయి. పల్లెలో అయితే ఎకరం బీడును నమ్ముకున్న రైతు పాడికే ముప్పు. పశువులు దీన్ని ముట్టవు. మేత దొరక్క తింటే పాలు చేదెక్కుతాయి.

బీడు దీని పాలు ఎందుకవుతుంది? పశువులు గడ్డిని మొదలంటా మేసినప్పుడు నేల బోసిపోతుంది. వెలుతురు తగిలే పైమట్టిలో వయ్యారిభామ విత్తనాలు చప్పున మొలుస్తాయి. నెల రోజులకే పూత మొదలవుతుంది. ఒక్క మొక్క పది వేలకు పైగా విత్తనాలు రాల్చగలదు! పైగా దానిలోని పార్థెనిన్ అనే పదార్థం పక్క మొక్కల మొలకను అణచివేస్తుంది. అందుచేత పీకి ఊరుకుంటే లాభం లేదు. ఖాళీ అయిన చోటును గడ్డితో నింపాలి.

తొలకరికి కలుపు మొలవనివ్వండి. మొలకలు లేతగా ఉండగానే గుంటకతో పైపైన గీరి చంపాలి. లోతుగా దున్నితే అడుగున నిద్రపోతున్న విత్తనాలు పైకి వస్తాయి. మరో వాన పడ్డాక ఇంకొకసారి గీరి, అప్పుడు గడ్డి విత్తాలి.

ఎర్రనేలకు అంజన్ గడ్డి, స్టైలో మంచి జోడీ. అంజన్ వేళ్లు లోతుకు పోయి కరువును తట్టుకుంటాయి. స్టైలో చిక్కుడు జాతిది; దాని వేరు బుడిపెలలోని బాక్టీరియా గాలిలోని నత్రజనిని నేలకు అందిస్తుంది. స్టైలో గింజ పైపొర గట్టిది. 80 డిగ్రీల వేడినీటిలో నాలుగైదు నిమిషాలు ఉంచితేనే నీరు లోపలికి చొరబడుతుంది. అంజన్ విత్తనం దూదిలా తేలిక, గాలికి కొట్టుకుపోతుంది. తడి మట్టితో కలిపి చల్లాలి. ఎకరానికి ఒక్కొక్కటి సుమారు రెండు కిలోలు చాలు. ఒక సెంటీమీటరు మించి మన్ను కప్పకూడదు.

మొదటి ఏడాది పశువులను తోలవద్దు. లేత మొక్కలు వేళ్లతో సహా ఊడివస్తాయి. గడ్డి ఎదిగాక కోసి వేయవచ్చు. ఈ ఓపిక లేకనే చాలా బీళ్లు మళ్లీ మొదటికి వస్తాయని నా అభిప్రాయం.

మందు కొడితే సరిపోదా అంటారేమో. 2,4-డి వంటి మందు వెడల్పాకు కలుపును చంపి గడ్డిని వదిలేస్తుంది, నిజమే. కాని స్టైలో కూడా వెడల్పాకు మొక్కే! మెక్సికో నుంచి తెచ్చి 1984లో బెంగళూరు ప్రాంతంలో వదిలిన ఒక పెంకుపురుగు వయ్యారిభామ ఆకులనే తింటుంది. అయితే ఎండాకాలం అది మట్టిలో దాక్కుంటుంది. కాబట్టి పూతకు ముందే, నేల తడిగా ఉన్నప్పుడు, చేతికి తొడుగు, ముక్కుకు గుడ్డ కట్టుకుని పీకడం తప్పదు. పూయని మొక్కలను ఎరువు గుంతలో వేయవచ్చు.

మీ వీధిలోని ఖాళీ స్థలం నుంచి తొడుగు వేసుకుని గుప్పెడు పైమట్టి తెచ్చి, పళ్లెంలో పలచగా పరచి, రోజూ తడపండి. అలాగే ఒక అడుగు లోతునుంచి తీసిన మట్టిని మరో పళ్లెంలో ఉంచండి. మూడు వారాలపాటు రెండింటిలోనూ మొలకలు లెక్కపెట్టి, పూత రాకముందే పీకేయండి.