పాత ఇంకు పెన్నులు అమ్ముతున్నారా, కొంటున్నారా? ఈ సంగతులు మీకు తెలుసా?

ఏళ్ల తరబడి పోగేసిన ఇంకు పెన్నుల్లో కొన్నింటిని ఈ మధ్య అమ్మకానికి పెట్టాను. అన్నీ పాతవే, చవకవే. కొనడానికి వచ్చినవాళ్లు ముందుగా అడిగే మాట ఒక్కటే: "ఇంత తక్కువకి ఇస్తున్నారంటే ఏదో లోపం ఉండే ఉంటుంది కదా?" లోపం ఉంటే నేనే చెబుతాను. ధర తక్కువ కావడానికి కారణం మాత్రం వేరు. ఈ పెన్నులు బళ్లకీ, ఆఫీసులకీ లక్షల్లో తయారయ్యాయి, అందుకే ఇప్పటికీ తేలిగ్గా దొరుకుతున్నాయి. విప్పి బాగు చేసుకునేలా తయారయ్యాయి, అందుకే ఇప్పటికీ రాస్తున్నాయి. చవక పెన్ను నాసిరకం పెన్ను కాదని ఒప్పించడానికి నేను చెప్పే సంగతులివి.

1. పాళీని మర తిప్పి మార్చేయవచ్చు

అమెరికాలో న్యూజెర్సీ రాష్ట్రం కామ్‌డెన్‌లో ఎస్టర్‌బ్రూక్ కంపెనీ ఉండేది. అది 1940ల్లో, 50ల్లో అమ్మిన 'జె' రకం పెన్నులకు పాళీ, దానికి ఇంకు అందించే కింది ముక్క (ఫీడ్) కలిసి ఒకే ముక్కగా ఉంటాయి. వేళ్లతో పట్టుకుని ఎడమవైపు తిప్పితే బల్బు ఊడినట్టు బయటికి వచ్చేస్తాయి. సన్నగా రాసేది తీసి లావుగా రాసేది బిగించడం నిమిషం పని. గుమాస్తాకీ, లెక్కలు రాసేవాళ్లకీ, షార్ట్‌హ్యాండ్ వాళ్లకీ వేర్వేరు పాళీలు అమ్మేవారు. పాళీ పాడైనా పెన్ను పారేయనక్కర్లేదన్నమాట. ఇప్పుడు పాత పెన్నులు కొత్తగా సేకరించేవాళ్లకు చాలామంది ముందు చూపించేది దీన్నే.

2. పాళీ మీది అంకెలు చాలా చెబుతాయి

ఎస్టర్‌బ్రూక్ పాళీ మీద నాలుగు అంకెలు చెక్కి ఉంటాయి. 1555 అని ఉంటే అది గ్రెగ్ షార్ట్‌హ్యాండ్ కోసం చేసిన పాళీ. 2668 అయితే మామూలు రాతకు సరిపోయే మీడియం. మొదటి అంకె 1 లేదా 2 అయితే పాళీ కొసనే మలిచి మొన చేశారని అర్థం. 9తో మొదలైతే మొన మీద గట్టి లోహపు గుండు విడిగా అతికించారని. ఈ గుండు ఉన్నవి త్వరగా అరగవు. అందుకే వాటికి కాస్త ఎక్కువ ధర పలుకుతుంది. అమ్మేటప్పుడు ఈ నాలుగంకెలూ స్పష్టంగా కనబడేలా ఫోటో తీయండి. తెలిసినవాళ్లు ముందు అదే చూస్తారు.

3. రబ్బరు ట్యూబుకు అంగుళంలో 64వ వంతుల లెక్క

పాత పెన్నుల్లో ముందుగా పాడయ్యేది లోపల ఇంకు నిలిచే రబ్బరు ట్యూబు. దశాబ్దాలు గడిస్తే గట్టిపడి, ముట్టుకుంటే పెళుసుగా రాలిపోతుంది, లేదా తారులా కరిగి గొట్టానికి అంటుకుపోతుంది. కొత్త ట్యూబులు ఇప్పటికీ దొరుకుతాయి. వాటి నంబరే కొలత: అంగుళంలో 64వ వంతులు ఎన్ని ఉంటే అంత. ఎస్టర్‌బ్రూక్ 'జె'కు పట్టేది 16వ నంబరు, అంటే 64లో 16 వంతులు, పావు అంగుళం. పెన్ను మెడకు పావు అంగుళం ట్యూబు పడుతుందని ఒకసారి తెలిస్తే కొలతకు మళ్లీ వెతుక్కునే పని లేదు.

4. అమెరికా పెన్నును అతికించేది మన లక్క

ఆ ట్యూబును పెన్ను మెడకు అతికించే జిగురు షెలాక్. అది లక్క పురుగు చెట్టు కొమ్మల మీద కట్టే లక్క నుంచి వస్తుంది. మన దేశంలో జార్ఖండ్, ఛత్తీస్‌గఢ్ అడవుల్లో కుసుమ, మోదుగ, రేగు చెట్ల మీద లక్కను పెంచుతారు. దీన్నే వాడటానికి గట్టి కారణం ఉంది. షెలాక్ ఆరాక ఇంకు బయటికి రానివ్వదు. మళ్లీ విప్పాల్సి వస్తే కొద్దిపాటి వేడి తగిలితే చాలు, మెత్తబడి వదిలేస్తుంది. క్షణాల్లో అతికే ఆధునిక జిగురు అలా వదలదు. దాంతో అతికించిన పెన్నును తర్వాత ఎవరు విప్పబోయినా మెడ విరుగుతుంది. అమ్మబోయే పెన్నును బాగు చేయించేటప్పుడు ఏ జిగురు వాడుతున్నారని తప్పకుండా అడగండి. ట్యూబు ఎక్కించాక దాని మీద కొంచెం టాల్కం పౌడరు అద్దితే గొట్టానికి అంటుకోకుండా ఉంటుంది.

5. పార్కర్ 51కి చవకైన తమ్ముడు ఉన్నాడు

పార్కర్ 51 పెన్ను 1941లో బజారుకొచ్చింది. పాళీ మొత్తం తొడుగు లోపల దాగి, మొన మాత్రమే కనబడుతుంది. 1948 నుంచి వచ్చిన ఏరోమెట్రిక్ రకంలో రబ్బరుకు బదులు ప్లాస్టిక్ ట్యూబు పెట్టారు. అది దశాబ్దాల తర్వాత కూడా చాలా పెన్నుల్లో పనిచేస్తోంది. అదే ఏడాది పార్కర్ 21 అనే చవక రకాన్ని తెచ్చారు. దీని పాళీ బంగారం కాదు, 'ఆక్టేనియం' అనే ఎనిమిది లోహాల మిశ్రమం. రాత బాగుంటుంది. అయితే దీని ప్లాస్టిక్ 51 అంత గట్టిది కాదు, పాళీ తొడుగు దగ్గర సన్నటి పగుళ్లు వస్తాయి. 21 కొనేటప్పుడు ఆ చోటును భూతద్దంతో చూడాలి. అమ్మేవాళ్లయితే ముందుగానే చూసి చెప్పాలి.

6. పెన్ను మీదే పుట్టినరోజు ఉంటుంది

1940ల నాటి అమెరికా పార్కర్ పెన్నుల మీద ఒక అంకె, దాని పక్కన చుక్కలు కనిపిస్తాయి. అంకె సంవత్సరంలో చివరిది. మూడు చుక్కలుంటే ఏడాదిలో మొదటి మూడు నెలలు. రెండుంటే తర్వాతి మూడు నెలలు, ఒకటుంటే ఆ తర్వాతివి. చుక్కే లేకపోతే ఏడాది చివర. 6 పక్కన రెండు చుక్కలుంటే ఆ పెన్ను 1946 ఏప్రిల్, జూన్ మధ్య తయారైందన్నమాట.

1980 నుంచి లెక్క మారింది. 'క్వాలిటీ పెన్' అనే ఇంగ్లీషు మాటలోని పది అక్షరాలకు వరసగా 0 నుంచి 9 దాకా అంకెలు పెట్టుకున్నారు. క్యూ అంటే 0, యు అంటే 1, టి అంటే 5, చివరి ఎన్ 9. 1987 నుంచి త్రైమాసికాన్ని నిలువు గీతలతో చూపారు. టి పక్కన మూడు గీతలుంటే 1995 మొదటి మూడు నెలలు కావచ్చు, 2005వి కూడా కావచ్చు. పెన్ను రకం చూసి తేల్చుకోవాలి. ఈ గుర్తులు చాలా సన్నగా ఉంటాయి. మెరుపు కోసం గట్టిగా పాలిష్ పడితే చెరిగిపోతాయి, వాటితో పాటు పెన్ను విలువ కూడా పోతుంది.

7. మెరిసేదంతా బంగారు పాళీ కాదు

పాళీ మీద 585 అని ఉంటే 14 క్యారెట్లు, 750 అని ఉంటే 18 క్యారెట్లు. స్టీలు మీద బంగారు పూత వేసిన పాళీలు కూడా పచ్చగానే మెరుస్తాయి. ముద్ర చదవకుండా బంగారమని రాసి అమ్మకూడదు. ఇంకో సంగతి: బంగారు పాళీలో కూడా కాగితాన్ని తాకేది బంగారం కాదు. మొన మీద ఆస్మియం, ఇరీడియం, రుథీనియం వంటి గట్టి లోహాల మిశ్రమం ఉంటుంది. బంగారం మెత్తన, ఒక్కటే అయితే కాగితం మీద త్వరగా అరిగిపోతుంది. కాబట్టి స్టీలు పాళీ అని చిన్నచూపు చూడనక్కర్లేదు. మొన బాగుంటే రాత బాగుంటుంది.

8. రాజమండ్రి పెన్నుకు వేడినీళ్లు పడవు

కె.వి. రత్నం 1932లో రాజమండ్రిలో స్వదేశీ పెన్నుల తయారీ మొదలుపెట్టారు. ఆయన పంపిన పెన్ను అందుకున్న గాంధీజీ 1935లో ఉత్తరం రాశారు. ఆ ఊరి పెన్నులు ఎక్కువగా ఎబొనైట్‌తో చేసినవి. రబ్బరులో గంధకం ఎక్కువగా కలిపి ఉడికిస్తే వచ్చే గట్టి పదార్థం అది. చేతికి ఆని పట్టు బాగా దొరుకుతుంది. ఎండలో పెట్టినా, నీళ్లలో, ముఖ్యంగా వేడినీళ్లలో నానబెట్టినా నల్లటి ఎబొనైట్ గోధుమరంగుకు మారుతుంది. ఇలాంటి పాత పెన్ను మీ దగ్గరుంటే పాళీ భాగాన్ని మాత్రం చల్లటి నీళ్లతో కడిగి, వెంటనే తుడవండి.

9. జేబులో మరక పడటానికి కారణం ఒంటి వేడి

ఫిల్లరుతో నేరుగా గొట్టంలోకి ఇంకు పోసే పెన్నులు మన దగ్గర ఎక్కువ. ఇంకు అడుగంటాక అవి బొట్లు రాలుస్తాయి. గొట్టంలో ఖాళీ పెరిగేకొద్దీ లోపల గాలి ఎక్కువవుతుంది. చేతి వేడికి ఆ గాలి వ్యాకోచించి ఇంకును బయటికి నెడుతుంది. విమానంలో పైకి వెళ్లినప్పుడూ ఇంతే, బయటి ఒత్తిడి తగ్గి లోపలి గాలి ఉబ్బుతుంది. మూడో వంతు ఇంకు మిగిలినప్పుడే మళ్లీ నింపుకుంటే ఈ బాధ ఉండదు. అమ్మిన పెన్నును పంపేటప్పుడు మాత్రం పూర్తిగా ఖాళీ చేసి, ఆరబెట్టి, మెత్తటి కాగితంలో చుట్టి, చిన్న పీవీసీ పైపు ముక్కలో పెట్టి పంపండి.

10. ఇండియా ఇంక్ పెన్నుకు విషం

బొమ్మలు గీయడానికి వాడే ఇండియా ఇంకులో నల్లటి మసి, షెలాక్ వంటి బంక ఉంటాయి. ఆరితే నీళ్లకు కరగదు. పాత పెన్ను ఫీడ్‌లోని సన్నటి గాడిలో అది ఒక్కసారి గట్టిపడితే బాగు చేయడం చాలా కష్టం. కడిగితే పోయే మామూలు నీలం ఇంకు అన్నిటికన్నా క్షేమం.

11. ఒక్క రోజుతో ఇంకు పెన్నుల జాతకం మారింది

1945 అక్టోబరు 29న న్యూయార్క్‌లోని గింబెల్స్ దుకాణంలో రేనాల్డ్స్ బాల్ పెన్ను అమ్మకానికి వచ్చింది. ధర 12 డాలర్ల 50 సెంట్లు, ఆ రోజుల్లో పెద్ద మొత్తమే. అయినా జనం ఎగబడ్డారు. తర్వాతి ఏళ్లలో బాల్ పెన్ను చవకైన కొద్దీ ఇంకు పెన్నులు సొరుగుల్లోకి చేరాయి. వాటిలో చాలా వాటిని సరిగా వాడనైనా వాడలేదు. అలా దాగిపోయినవే ఇప్పుడు బయటికొస్తున్నాయి. ఇంట్లో పెద్దవాళ్ల పెట్టెలో ఒకటి దొరికితే ఆరిపోయిన ఇంకు చూసి పాడైందనుకోకండి. చల్లటి నీళ్లలో పాళీ మొన ముంచి చూడండి, రంగు దిగితే ప్రాణం ఉన్నట్టే.

12. లోపం చెప్పి అమ్మిన పెన్నే బాగా అమ్ముడవుతుంది

గొట్టం మీద వేరేవాళ్ల పేరు చెక్కి ఉండటం, మూత అంచున పూత పోవడం, క్లిప్పు వదులవడం, ఇవన్నీ ధరను తగ్గిస్తాయి, రాతను తగ్గించవు. ఈ తేడా కొనేవాళ్లకు స్పష్టంగా చెప్పాలి. అమ్మే ముందు నేను ప్రతి పెన్నులో నీళ్లు నింపి, కాగితం మీద పాళీ కిందికి పెట్టి, ఎక్కడైనా తడి కారుతోందేమో చూస్తాను. తర్వాత ఇంకుతో నాలుగు వాక్యాలు రాసి ఫోటో తీస్తాను. పెన్నుతో పాటు ఒక చీటీ పెడతాను: ట్యూబు ఎప్పుడు మార్చిందీ, దాని నంబరూ, పాళీ అంకే, ఎక్కడ గీత పడిందీ. మళ్లీ ఆ ట్యూబు పాడైననాడు విప్పి బాగుచేసేవాళ్లకు ఆ చీటీ అవసరమవుతుంది. చవక పెన్నును ఇంకో తరానికి అందించడానికి చేయాల్సిన పని ఇంతే.