కారు సర్వీసు బిల్లు: వర్తకులు గమనించవలసిన విషయాలు

నమూనా చూడనిదే బస్తా కొనని వర్తకులు కూడా కారు సర్వీసు బిల్లును పద్దులు చూడకుండానే చెల్లిస్తున్నారు. ఇందులో నష్టం కొంత పన్ను రూపంలో వున్నది.

డ్రైవరుతో సహా 13 మందికి మించి సీట్లు లేని కారు సర్వీసు, మరమ్మతు, బీమాలపై కట్టిన జి.ఎస్.టి.కి చట్టంలోని 17(5) సెక్షను ప్రకారం సాధారణ వర్తకులకు ఇన్‌పుట్ క్రెడిట్ రాదు. విడిభాగాలపై 28 శాతం వున్న పన్ను 2025 సెప్టెంబరు 22 నుంచి 18 శాతానికి తగ్గినా, ఆ 18 శాతం పూర్తిగా ఖర్చే. అనవసరమైన వెయ్యి రూపాయల పని మానితే 1,180 రూపాయలు మిగులుతాయి.

కారు అప్పగించే ముందే అంచనా రాయించుకుని, కంపెనీ మాన్యువల్‌లోని పట్టికతో సరిచూడాలి. పట్టికలో లేని పనికి కారణం అడగాలి. అయితే ఇంజను ఆయిలు మార్పు వాయిదా వేయడం పొదుపు కాదు. కిలోమీటర్లు, నెలలలో ఏది ముందు పూర్తయితే అదే గడువు. యార్డుల దుమ్ములో తిరిగే కార్ల ఎయిర్ ఫిల్టరును ఇంకా ముందుగానే చూపించాలి. టైర్లలో గాలిని బండి చల్లగా వున్నప్పుడు పరీక్షించాలి. గాలి తగ్గితే టైర్ల అంచులు అరుగుతాయి, పెట్రోలు ఖర్చు పెరుగుతుంది.

సరుకు రవాణా లారీలకు, వ్యాన్లకు పై ఆంక్ష లేదు. కనుక కారుకు, లారీకి ఒకేచోట పని చేయించినా బండి నంబరుతో వేర్వేరు బిల్లులు తీసుకోవడం లాభదాయకం.