బొమ్మ గీసేదెవరు, నవ్వేదెవరు?

రఘునాథపల్లి మండలంలోనే ఖిలాషాపూర్ వుంది. సర్వాయి పాపన్న కోట అక్కడే. 1708లో ఓరుగల్లు కోట మీద దాడిచేసిన ఆ గౌడవీరుని కథ మన తాతలకు అచ్చు పుస్తకంలో దొరకలేదు. పాడేటోళ్ల గొంతులో, చెప్పేటోళ్ల నోట్లో బతికింది. 2016 దాక ఈ ప్రాంతం వరంగల్ జిల్లా, ఇప్పుడు జనగామ జిల్లా. ఇక్కడ 'బొమ్మల కథ' అన్న మాట ఎత్తితే పెద్దలకు చందమామ గుర్తొస్తుంది, తర్వాతి తరానికి చాచా చౌదరి గుర్తొస్తాడు. జనగామ మీదుగా పోతే వచ్చే చేర్యాల మాత్రం చప్పున గుర్తుకు రాదు. ఎందుకు రాదు? ఈ వ్యాసం ఆ ప్రశ్న గురించే.

చేర్యాల నకాశీవాళ్లు గీసే పటం ఎట్లా వుంటుందో ఒకసారి చూడండి. ఖద్దరు గుడ్డకు గంజి, సుద్దమట్టి, చింతగింజల అంబలి, జిగురు పట్టించి గట్టిపరుస్తారు. ఎర్రటి నేల మీద అడ్డవరుసలుగా బొమ్మలు వేస్తారు. వరుసకూ వరుసకూ మధ్య పూలతీగ అంచు. పటం ముప్పై నలభై అడుగులు కూడ వుంటుంది. కథ చెప్పేవాడు దాన్ని కొంచెం కొంచెంగా విప్పుతూ, ఒక్కో బొమ్మను చూపుతూ పాడతాడు. గడులుగా విడగొట్టిన బొమ్మలు, వాటిని కలిపే కథ. కామిక్ అంటే ఇదే కదా! తేడా ఒక్కటే. అక్కడ మాట బుడగలో వుంటుంది, ఇక్కడ మనిషి నోట్లో వుంటుంది.

ఈ పటాలు అందరివీ ఒకటే కావు. పద్మశాలీలకు కూనపులివాళ్లు చెప్తారు, ముదిరాజులకు కాకిపడగలవాళ్లు చెప్తారు. మాదిగలకు డక్కలివాళ్లు జాంబపురాణం చెప్తారు. భూమి కంటె ముందే పుట్టిన జాంబవంతుడు మాదిగల మూలపురుషుడని ఆ కథ. మనువు రాసిన నిచ్చెనలో అట్టడుగున పెట్టిన కులం, తన పటంలో తనను అందరికంటె ముందు నిలబెట్టుకుంది. బడి లేనోళ్లు, బలపం పట్టనియ్యనోళ్లు తమ చరిత్రను బొమ్మలో దాచుకున్నారు.

మరి అచ్చుయంత్రం వచ్చినంక ఏం జరిగింది? బొమ్మ గీసే చెయ్యి మారింది. 1947 జూలైలో మద్రాసులో నాగిరెడ్డి, చక్రపాణి చందమామను మొదలుపెట్టారు. చిత్రా, వడ్డాది పాపయ్య, శంకర్ వంటి గొప్ప చిత్రకారులు దానికి గీశారు. ఆ బొమ్మల అందాన్ని కాదనే పని లేదు. కాని ఆ కథల్లో తిరిగేదెవరు? రాజు, మంత్రి, వర్తకుడు, పేద బ్రాహ్మడు. చెప్పులు కుట్టినవాడు, గొడ్డును మోసినవాడు కథానాయకుడు కావడం అరుదు. 1967లో అనంత్ పాయ్ మొదలుపెట్టిన అమర్ చిత్రకథలో దేవతలకు, రాజులకు చక్కని రంగూరూపూ వస్తే, రాక్షసులకు నల్లరంగు, బండముఖం వచ్చాయి. ఆ నలుపు ఎవరి ఒంటి రంగో మనకు తెలుసు. 1979లో అదే సంస్థ అంబేద్కర్ మీద ఒక పుస్తకం వేసింది. మంచిదే. కాని ఒక్క పుస్తకంతో మిగతా వాటిలోని రంగు మారదు.

ఆర్.కె. లక్ష్మణ్ 1951 నుంచి టైమ్స్ ఆఫ్ ఇండియాలో గీసిన 'సామాన్యుడు' గళ్లకోటు తొడుక్కున్నాడు, ధోవతి కట్టుకున్నాడు, కళ్లజోడు పెట్టుకున్నాడు. దేశంలో అందరి తరఫునా ఆయనే చూస్తాడు. దేశంలో ఎక్కువమంది కూలివాళ్లయినా సామాన్యుడికి వేషం వెయ్యాల్సొచ్చేసరికి కోటు గుర్తొచ్చింది, గోచి గుర్తుకు రాలేదు. లక్ష్మణ్‌ని తిట్టడం మన ఉద్దేశం కాదు. కులం లేనట్టు కనపడే బొమ్మకు కూడ కులం వుంటుందని చెప్పడమే.

ఇక నత్త కార్టూన్ సంగతి. 1949 ఆగస్టు 28న శంకర్ తన 'శంకర్స్ వీక్లీ'లో గీసింది. రాజ్యాంగం అనే నత్త మీద అంబేద్కర్ కొరడా పట్టుకుని కూచున్నాడు. వెనక నెహ్రూ ఇంకో కొరడా ఎత్తాడు. జనం గుంపుగా చూస్తున్నారు. 2006లో ఎన్.సి.ఇ.ఆర్.టి. దీన్ని పదకొండో తరగతి పుస్తకంలో పెట్టింది. 2012 మేలో పార్లమెంటులో గొడవయింది, ప్రభుత్వం క్షమాపణ చెప్పింది, పుస్తకం సలహాదారులు యోగేంద్ర యాదవ్, సుహాస్ పల్షీకర్ రాజీనామా చేశారు. పుణెలో పల్షీకర్ ఆఫీసు మీద దాడి జరిగింది. దాడి తప్పే. కాని 'మీకు నవ్వడం చేతగాదు' అని దళితులకు చెప్పిన హితబోధ కూడ తప్పే.

ఆలస్యం అన్న మాటలో నిజమెంత? ముసాయిదా సంఘం 1947 ఆగస్టు 29న ఏర్పడింది. సభలో చర్చకొచ్చిన సవరణలు 2,473. చివరికి తేలినవి 395 అధికరణలు, 8 షెడ్యూళ్లు. సంఘంలో ఏడుగురున్నా ఒకరు రాజీనామా చేసి, ఒకరు చనిపోయి, మరొకరు అమెరికా పోయి, భారమంతా అంబేద్కర్ మీద పడిందని 1948 నవంబర్‌లో సభలోనే టి.టి. కృష్ణమాచారి చెప్పాడు. ఇవన్నీ తెలియని పిల్లవాడి చేతికి ఆ బొమ్మ ఇస్తే, వాడికి కనపడేది ఒక్కటే: కొరడా కింద అంబేద్కర్. కొరడా దెబ్బ కథలో మాత్రమే విన్న పిల్లవాడు నవ్వుతాడు. ఇంట్లో తాత వీపు మీద చూసినవాడు నవ్వలేడు.

ఈ గొడవకు మంచి జవాబు విజయవాడలో పెరిగిన కార్టూనిస్టు, పరిశోధకుడు ఉన్నమతి శ్యామసుందర్ ఇచ్చాడు. 1932 నుంచి 1956 దాక ఇంగ్లీషు పత్రికలు అంబేద్కర్ మీద వేసిన కార్టూన్లు వందకు పైగా వెతికి తీసి, ఒక్కొక్కదాని వెనక అసలు సంఘటన ఏమిటో రాసి, 2019లో 'నో లాఫింగ్ మ్యాటర్' పుస్తకంగా తెచ్చాడు. నిషేధించమనలేదు, విప్పి చదివాడు. ఒక్క బొమ్మ చూస్తే హాస్యం అనుకుంటాం. వందా వరసగా చూస్తే అది అలవాటని తెలుస్తుంది.

రెండో జవాబు 2011లో నవయాన వేసిన 'భీమాయన'. గీసింది పర్ధాన్ గోండు కళాకారులు దుర్గాబాయి వ్యామ్, సుభాష్ వ్యామ్. కథనం శ్రీవిద్యా నటరాజన్, ఎస్. ఆనంద్‌లది. బొమ్మల్ని గడుల్లో బిగించలేదు. మంచివాళ్ల మాట పిట్ట ఆకారంలో, కులపోళ్ల మాట తేలు కొండితో గీశారు. 1901లో తొమ్మిదేళ్ల భీముడు తోడి పిల్లలతో మసూర్ స్టేషన్‌లో దిగుతాడు. కులం తెలియగానే బండివాళ్లు ఎక్కించుకోరు. రెట్టింపు కిరాయి ఇచ్చి, బండి తామే తోలుకోవాల్సొస్తుంది. దారి పొడుగునా తాగడానికి నీళ్లు దొరకవు. మా రఘునాథపల్లిలోనూ రైల్వే స్టేషన్ వుంది. ఆ కథను పాఠంగా చెప్పే టీచరు మసూర్ ఎక్కడో వెతకనక్కరలేదు, మన స్టేషన్ చూపిస్తే చాలు.

అమెరికాలో నల్లవాళ్లు ఈ పని ముందే చేశారు. 1937లో నల్లవాళ్ల పత్రిక పిట్స్‌బర్గ్ కొరియర్‌లో జాకీ ఆర్మ్స్ అనే నల్లజాతి స్త్రీ 'టార్చీ బ్రౌన్' గీసింది. 1968లో మార్టిన్ లూథర్ కింగ్ హత్య తర్వాత హారియెట్ గ్లిక్‌మన్ అనే టీచరు చార్లెస్ షుల్జ్‌కు ఉత్తరం రాస్తే, ఆ జూలైలో 'పీనట్స్'లోకి ఫ్రాంక్లిన్ అనే నల్లపిల్లవాడు వచ్చాడు. ఒక టీచరు ఉత్తరానికి ఆ బలం వుంటుంది.

కాబట్టి బడిలో, సంఘం మీటింగులో కార్టూన్ ముందుకొస్తే నాలుగు ప్రశ్నలు వెయ్యాలి. గీసిందెవరు? ఏ తేదీన, ఏ సంఘటన మీద? బొమ్మలో ఎవరు పెద్దగా, ఎవరు చిన్నగా వున్నారు? నవ్వేవాడు ఎక్కడ నిలబడి నవ్వుతున్నాడు?

ఐదో ప్రశ్న మనకు మనం వేసుకోవాలి. జాంబపురాణం చెప్పిన డక్కలివాళ్లను మాదిగవాడ లోపలికి రానిచ్చిందా? లేదు, వాళ్లను తనకూ అంటరానివాళ్లను చేసి బయటే వుంచింది. మనల్ని అందరికంటె ముందు నిలబెట్టిన పటం పట్టుకున్నవాడు మన గడప బయట నిలబడ్డాడు. శంకర్ కొరడాను అడిగే హక్కు మనకుంది. ఈ గడపను గురించి జవాబు చెప్పే బాధ్యత కూడ మనదే.