దూరప్రయాణాల్లో వాహనం, సామగ్రి ఎంపిక: కాశీయాత్ర నుంచి లేహ్ దారి వరకు

వ్యాస సంగ్రహం

దూరప్రయాణానికి వాహనాన్ని ఎంచుకునేటప్పుడు సాధారణంగా దాని బలాన్ని, వేగాన్ని చూస్తారు. అయితే దారి ఏమి ఇవ్వగలదు, ఏమి ఇవ్వలేదు అన్నదే ఈ ఎంపికకు అసలు ప్రమాణం. దారిలో దొరకనిది వెంట తీసుకెళ్లాలి. వెంట తీసుకెళ్లే ప్రతి వస్తువును మోయడానికి మరికొంత శక్తి కావాలి. ఏనుగుల వీరాస్వామయ్య కాశీయాత్రను, నేటి మనాలి-లేహ్ రహదారి ప్రయాణాన్ని ఉదాహరణలుగా తీసుకొని ఈ సూత్రాన్ని వివరించడం, యాత్రా సాహిత్య పరిశోధనలో దాని ప్రయోజనాన్ని సూచించడం ఈ వ్యాస లక్ష్యం.

కీలక పదాలు: యాత్రాచరిత్ర, పల్లకి, బోయీలు, మజిలీ, భారం, ఇంధనం, శ్రమ.

1. ఉపోద్ఘాతం

చెన్నపట్టణం సుప్రీంకోర్టులో ద్విభాషిగా పనిచేసిన ఏనుగుల వీరాస్వామయ్య 1830 మే 18న కాశీకి బయలుదేరి 1831 సెప్టెంబర్ 3న తిరిగి ఇల్లు చేరాడు. కుటుంబసభ్యులు, పరివారం కలిపి సుమారు వందమంది ఆయన వెంట ఉన్నారు. దారిలో ఆయన రాసినది 1838లో గ్రంథరూపంలో వెలువడింది. కాశీయాత్ర చరిత్రపై పరిశోధనలు ఎక్కువగా నాటి సామాజిక స్థితిగతుల మీద, ఆచారాల మీద, భాష మీద దృష్టి నిలిపాయి. ఆ ప్రయాణం భౌతికంగా ఎలా సాధ్యమైందన్న ప్రశ్నకు అంత చోటు దక్కలేదు. వందమంది పదిహేను నెలలకు పైగా దారిలో ఉండాలంటే ఏమి కావాలి? వాటిని ఎవరు మోయాలి? నేడు కారులోనో మోటారు సైకిల్ మీదో దేశం దాటి వెళ్లేవారికి కూడా ఈ ప్రశ్నలు తప్పవు.

2. దారిని బట్టి వాహనం

పల్లకిని నేడు మనం హోదాకు గుర్తుగా మాత్రమే చూస్తాం. అది హోదా చిహ్నమే, సందేహం లేదు. కానీ నాటి దారుల్లో దానికి సాంకేతికమైన కారణం కూడా ఉంది. హైదరాబాదు నుంచి నిర్మల మీదుగా నాగపూరు వైపు సాగే ప్రాంతంలో రేగడి నేలలు విస్తారం. వానకు తడిసిన రేగడిలో ఎడ్లబండి సన్నని చక్రం కూరుకుపోతుంది, ఇరుసు నేలను తాకుతుంది. మనిషి కాలు మాత్రం గట్టి చోటు వెతుక్కొని పడగలదు. కాలిబాట ఉన్న ప్రతిచోటికీ పల్లకి వెళ్లగలదు, వాగు దాటగలదు, పడవ ఎక్కగలదు. బండికి రోడ్డు కావాలి, పల్లకికి మనుషులు కావాలి.

దారి మారితే వాహనమూ మారుతుంది. ఉత్తరాదికి చేరిన తరువాత వీరాస్వామయ్య గంగానది మీద పడవ ప్రయాణం చేశాడు. ప్రవాహం ఉన్న చోట భారాన్ని నీరే మోస్తుంది కాబట్టి మనిషి భుజం మీద మోతకన్నా అది ఎంతో సులువు.

నేటి వాహనాలకూ ఇదే వర్తిస్తుంది. వారణాసి-కన్యాకుమారి మధ్య జబల్పూర్, నాగపూర్, హైదరాబాదుల మీదుగా సాగిన పాత ఏడవ నంబరు జాతీయ రహదారి వీరాస్వామయ్య దారికి చాలా చోట్ల సమీపంగా వెళ్తుంది. ఆ మార్గంలో సాధారణమైన కారు చాలు. నాలుగు చక్రాలకూ ఇంజన్ శక్తి అందే బరువైన వాహనం అక్కడ అదనపు ఇంధనాన్ని తాగడం తప్ప ఒరగబెట్టేది తక్కువ. ఇసుక, బురద, రాళ్లవాగులు ఉన్న చోట మాత్రం నేలకు ఎత్తుగా ఉండే అడుగుభాగం, గట్టి చట్రం, లోతైన పట్టున్న టైర్లు అవసరమవుతాయి.

3. భారాన్ని మోసే భారం

ఒక పల్లకిని మోయడానికి నలుగురో ఆరుగురో చాలినా, వంతులవారీగా భుజం మార్చుకోవడానికి అంతకు రెట్టింపు మంది కావాలి. వీరికి తోడు కావడి మోసేవారు, దివిటీ పట్టేవారు, వంటవారు. వీరందరికీ తిండి కావాలి. ఒక లెక్క వేసి చూద్దాం. కావడి కూలీ 25 కిలోలు మోస్తాడని, రోజుకు ముప్పావు కిలో ధాన్యం తింటాడని అనుకుంటే, దారిలో ఏమీ దొరకని పక్షంలో 33 రోజుల్లో తాను మోసినదంతా తానే తినేస్తాడు. అంతకు మించిన దూరం వెళ్లాలంటే అతని తిండి మోయడానికి ఇంకొకడు కావాలి. ఆ రెండవవాడికీ ఆకలి ఉంటుంది.

అందుచేత పదిహేను నెలల యాత్ర వెంట తెచ్చుకున్న సరుకులతో సాగదు, మజిలీల మీద ఆధారపడి సాగుతుంది. వీరాస్వామయ్య ఊరూరా యాత్రికులకు కావలసిన పదార్థాలు దొరుకుతాయా, బసకు చోటుందా, నీటి వసతి ఎలా ఉంది అని ఓపికగా నమోదు చేయడానికి కారణం ఇదే. పైపైన చూస్తే పునరుక్తిగా తోచే ఆ వాక్యాలు తరువాతి యాత్రికుడికి సరుకుల భారాన్ని తగ్గించే సమాచారం. ఏ ఊళ్లో బియ్యం దొరుకుతుందో ముందే తెలిస్తే ఆ ఊరి వరకు సరిపడా మోస్తే చాలు.

కారులో కూడా ఈ లెక్క మారదు. తయారీదారు అనుమతించిన మొత్తం బరువులోంచి వాహనం సొంత బరువు తీసివేస్తే మోయగలిగిన భారం వస్తుంది. అది 450 కిలోలు అనుకుందాం. 70 కిలోల చొప్పున ఐదుగురు ఎక్కితే 350 పోయి 100 మిగులుతుంది. 40 లీటర్ల నీరు అంటే 40 కిలోలు. ఇక గుడారం, పడకలు, పనిముట్లు, తిండి అన్నీ కలిపి 60 కిలోల్లో సర్దుకోవాలి. పైకప్పు మీద కట్టే బరువు వాహనాన్ని మలుపుల్లో ఒరిగేలా చేస్తుంది. కాబట్టి బరువైనవి కింద, రెండు ఇరుసుల నడుమ ఉండాలి. తేలికైనవి మాత్రమే పైకి వెళ్లాలి.

4. దారి ఇవ్వనప్పుడు: లేహ్ ఉదాహరణ

మనాలి-లేహ్ దారిలో తాండి వద్ద పెట్రోల్ బంకు దాటితే తరువాతి బంకు 365 కిలోమీటర్ల దూరంలో ఉందని హెచ్చరించే బోర్డు ప్రసిద్ధం. లీటరుకు 30 కిలోమీటర్లు ఇచ్చే మోటారు సైకిల్‌కు ఆ దూరానికి సుమారు 12 లీటర్లు చాలాలి. ఘాట్లలో అది 25కు పడిపోతే 14.6 లీటర్లు కావాలి. 13 లీటర్ల ట్యాంకు ఉన్న బండి మొదటి లెక్క ప్రకారం గమ్యం చేరుతుంది, రెండవ లెక్క ప్రకారం దారిలో ఆగిపోతుంది. ఐదు లీటర్ల డబ్బా ఒకటి వెంట ఉంటే బరువు నాలుగు కిలోల లోపే పెరుగుతుంది, 450 కిలోమీటర్ల వరకు ధీమా కలుగుతుంది. ఇలాంటి చోట అదనపు భారం సార్థకం.

ఎత్తు కూడా సామగ్రిని నిర్ణయిస్తుంది. ఆ దారిలో 5,300 మీటర్లకు పైబడిన కనుమ ఉంది. అక్కడ గాలి పీడనం సముద్రమట్టంలో ఉండే దానిలో సగానికి కొంచెమే ఎక్కువ. గాలి పలచబడితే టర్బో లేని ఇంజన్ శక్తి గణనీయంగా తగ్గుతుంది, మనిషికి ఆయాసం వస్తుంది. 4,500 మీటర్ల ఎత్తులో నీరు సుమారు 85 డిగ్రీలకే మరుగుతుంది కాబట్టి మామూలు గిన్నెలో అన్నం, పప్పు సరిగా ఉడకవు. మైదానంలో సౌకర్యంగా కనిపించే ప్రెషర్ కుక్కర్ అక్కడ అవసర వస్తువు.

5. మరమ్మతు అనే ప్రమాణం

వాహనం ఎప్పుడో ఒకప్పుడు చెడుతుంది. చెడినచోట బాగుచేయగల మనిషి ఉన్నాడా అన్నది ఎంపికలో నిర్ణాయకం. ఎడ్లబండి ఇరుసు విరిగితే దారిలోని ఊళ్లో వడ్రంగి, కమ్మరి ఉండేవారు. ఆ పరిజ్ఞానం ఊరూరా పంచబడి ఉంది. నేటి ఎలక్ట్రానిక్ నియంత్రణలున్న ఇంజన్‌ను బాగుచేయడానికి ప్రత్యేక పరికరం కావాలి, అది పట్టణంలోనే దొరుకుతుంది. అందువల్ల ఎక్కువమంది నడిపే, విడిభాగాలు చిన్న ఊళ్లలోనూ దొరికే సాధారణ వాహనం అరుదైన ఖరీదు వాహనం కన్నా దూరప్రయాణానికి మేలు కావచ్చు. పంక్చర్ సామగ్రి, గాలి పంపు, క్లచ్ తీగ, ఫ్యూజులు, లాగే తాడు వంటివి వెంట ఉంటే మెకానిక్ ఉన్న ఊరి వరకైనా చేరుకోవచ్చు.

6. యాత్రా సాహిత్య పఠనానికి సూచన

వాహనాన్నే వదులుకోవడం కూడా ఒక ఎంపిక. పాదయాత్రా కథనాలకు తెలుగులో ఆచార్య మాచవరపు ఆదినారాయణ 'భ్రమణ కాంక్ష' మంచి ఉదాహరణ. నడిచేవాడికి తన వీపే వాహనం. కాబట్టి తిండి, నీరు, ఆశ్రయం కోసం అతడు దారిలోని మనుషులకు అందరికన్నా దగ్గరగా వెళ్లవలసి వస్తుంది. వాహనం పెద్దదయ్యేకొద్దీ ఈ అవసరం తగ్గుతుంది, మనుషులతో సంభాషణా తగ్గుతుంది. యాత్రికుడు ఏమి చూశాడన్నది అతడు దేని మీద ప్రయాణించాడన్న దానిపై కొంత ఆధారపడి ఉంటుంది.

శ్రమ విషయం అంతకన్నా ముఖ్యమైనది. పల్లకిలో కూర్చున్నవాడు రాయగలిగాడంటే మోసేవారు నడిచారు కాబట్టే. యాత్రాచరిత్రల్లో వారి అలసట, జబ్బు, కూలి, తిండి ఎక్కడెక్కడ ప్రస్తావనకు వచ్చాయి, ఎక్కడ మౌనం ఉంది అని వెతికే అధ్యయనానికి సామాన్ల జాబితాలు, ఖర్చుల వివరాలే తొలి ఆధారాలు. ఇంజన్ వచ్చాక ఆ శ్రమ అంతరించలేదు. రోడ్డు వేసే కూలీకి, మంచు తొలగించే కార్మికుడికి, మెకానిక్‌కు బదిలీ అయింది.

7. ముగింపు

1. వాహనం ఎంపికకు దాని బలం కన్నా దారి స్వభావం, దారిలో లభించే వనరులు ముఖ్యం.
2. మోసే ప్రతి వస్తువూ మరికొంత భారాన్ని కోరుతుంది. కాబట్టి దారిలో దొరికేవాటిని వదిలి, దొరకనివాటినే వెంట తీసుకోవాలి.
3. మార్గమధ్యంలో బాగుచేయగలిగే వాహనమే దూరప్రయాణానికి తగినది.
4. యాత్రా గ్రంథాల్లో మజిలీలు, సరుకులు, కూలీల వివరాలను అనవసర వర్ణనగా దాటవేయకూడదు. ఆ ప్రయాణం ఎవరి శ్రమతో సాధ్యమైందో తెలిపే సాక్ష్యాలు అవే.