పొరుగింటి పెద్దరికం

పల్లెటూరిలో అన్నదమ్ములిద్దరు పొలం గట్టు దగ్గర తగవు పడ్డారనుకుందాం. పొరుగింటివారు ఏం చేయాలి? తలుపు వేసుకుని కూర్చుంటే, ఇంత చేరువలో ఉండి నోరైనా మెదపలేదే అని ఊరు ఆడిపోసుకుంటుంది. నడుమకు వెళ్లి ఒక మాట అంటే, మా యింటి సంగతి మీకెందుకని ఆ యింటివారే అంటారు. వెళ్లినవాడు నిజంగా తగవు తీర్చడానికే వెళ్లాడా, లేక ఆ పొలం మీద కన్నువేసి వెళ్లాడా అన్నది చాలా కాలానికిగాని తేలదు. పిట్టపోరు పిట్టపోరు పిల్లి తీర్చిందన్న సామెత మన పెద్దలు ఊరికే చెప్పలేదు.

దేశాల విషయంలోనూ ఇదే చిక్కు. ఒక దేశంలో ఎన్నిక జరిగి, ఓట్ల లెక్క తప్పని జనం వీధుల్లోకి వస్తే, పరదేశపు నాయకులు వారికి అండగా నిలవవచ్చునా? నిలిస్తే అది ధర్మమా, జోక్యమా? ఈ ప్రశ్నకు 2004లో ఉక్రెయిన్‌లో జరిగిన ఉదంతాన్ని మించిన ఉదాహరణ లేదు. ఇరవై ఏళ్లు దాటినా ఆ కథ ముగియలేదు గనుక, దానిని మొదటినుంచి మన పాఠకుల ముందు పెట్టదలచుకున్నాము.

ఎన్నిక జరిగిన తీరు

ఉక్రెయిన్ 1991లో సోవియట్ యూనియన్ నుంచి విడివడి స్వతంత్ర దేశమైంది. 2004 నాటికి దాని జనాభా సుమారు 4 కోట్ల 70 లక్షలు. పదేళ్లు అధ్యక్షుడుగా ఉన్న శ్రీ లియొనిద్ కుచ్మా పదవీకాలం ముగియవచ్చింది. ఆయన స్థానానికి ప్రధానంగా ఇద్దరు పోటీపడ్డారు. ఒకరు అప్పటి ప్రధానమంత్రి శ్రీ విక్తర్ యనుకోవిచ్. తూర్పున బొగ్గుగనుల సీమ అయిన దొనెత్స్క్ ఆయనది, రష్యాకు సన్నిహితుడు. రెండవవారు మాజీ ప్రధాని, అంతకుముందు రిజర్వుబ్యాంకువంటి జాతీయ బ్యాంకుకు అధిపతి అయిన శ్రీ విక్తర్ యుష్చెంకో. ఐరోపా వైపు నడవాలన్నది ఆయన మాట. ఆయన పక్షం గుర్తుగా నారింజ రంగును ఎంచుకున్నారు.

ప్రచారం మధ్యలో, సెప్టెంబరులో, యుష్చెంకో హఠాత్తుగా జబ్బుపడ్డారు. ముఖమంతా బొబ్బలెక్కి గుర్తుపట్టలేనట్టు మారిపోయింది. ఆయన శరీరంలో డయాక్సిన్ అనే విషం ఉన్నదని వియన్నా డాక్టర్లు డిసెంబరులో నిర్ధారించారు.

అక్టోబరు 31న జరిగిన తొలి విడతలో ఇద్దరికీ దాదాపు సమానంగా, నూటికి 39 వంతున ఓట్లు వచ్చాయి. ఎవరికీ సగం దాటలేదు గనుక నవంబరు 21న రెండో విడత పెట్టారు. ఆ రోజు దొనెత్స్క్ ప్రాంతంలో నూటికి 96 మందికి పైగా ఓటు వేసినట్టు లెక్కలు చూపారు. తొలి విడతలో అక్కడ ఓటు వేసినది నూటికి 78 మంది. ఊరు మారినవారికిచ్చే ఓటు చీటీలను పట్టుకుని, బస్సులెక్కి, పలుచోట్ల ఓట్లు వేసినవారున్నారని పరిశీలకులు చెప్పారు. ఓటు వేసి బయటికి వచ్చినవారిని అడిగి తీసిన అంచనాలు యుష్చెంకో ముందున్నారని చెప్పగా, ఎన్నికల సంఘం మాత్రం యనుకోవిచ్‌కు 49.46, యుష్చెంకోకు 46.61 శాతం వచ్చాయని నవంబరు 24న ప్రకటించింది.

అప్పటికే రాజధాని కీవ్ నగరం మధ్యనున్న స్వాతంత్ర్య చౌకం, అనగా మైదాన్, నారింజ రంగుతో నిండిపోయింది. మంచు కురుస్తున్నది. జనం గుడారాలు వేసుకుని అక్కడే పడుకున్నారు. ఇరుగుపొరుగులు వేడి టీ, రొట్టె తెచ్చి ఇచ్చారు. ప్రభుత్వ టెలివిజనులో బధిరుల కొరకు చేతిసైగలతో వార్తలు చెప్పే నతాలియా ద్మిత్రుక్ అనే ఆవిడ నవంబరు 25న ఒక పని చేసింది. వార్తలు చదివేవారి నోట అధికార ఫలితం వస్తూండగా, ఆవిడ చేతులు మాత్రం ఆ లెక్క అబద్ధమని, దానిని నమ్మవద్దని ప్రేక్షకులకు చెప్పాయి. ఈ సాహసం ఆవిడకు ఏ విదేశీయుడూ నేర్పినది కాదన్నది మనం జ్ఞాపకం పెట్టుకోవాలి.

వచ్చిన పెద్దలు

ఇక బయటివారి సంగతి. అందరికంటె ముందు చేయిచాచినవారు రష్యా అధ్యక్షుడు శ్రీ పుతిన్. రెండు విడతల ముందూ ఆయన ఉక్రెయిన్ వెళ్లి వచ్చారు. అధికార ఫలితం వెలువడకముందే యనుకోవిచ్‌కు అభినందనలు తెలిపారు. ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగమన్నట్లు అయింది ఆ వ్యవహారం.

రెండోవైపు, అమెరికా అధ్యక్షుని ప్రతినిధిగా కీవ్‌లో ఉన్న సెనేటరు శ్రీ రిచర్డ్ లూగర్, ఎన్నికలో అక్రమాలు పథకం ప్రకారం జరిగాయని, వాటిలో అధికారుల చేయి ఉన్నదని బాహాటంగా చెప్పారు. నవంబరు 24న ఆ దేశపు విదేశాంగ మంత్రి శ్రీ కొలిన్ పావెల్, ఈ ఫలితాన్ని న్యాయమైనదిగా తాము ఒప్పుకోలేమన్నారు. ఐరోపా పార్లమెంటులో కొందరు సభ్యులు నారింజ రంగు కండువాలు వేసుకుని కూర్చున్నారు. చెక్ దేశపు మాజీ అధ్యక్షుడు, నాటక రచయిత శ్రీ వాత్స్లావ్ హావెల్ సానుభూతి సందేశం పంపారు.

నవంబరు 25న మైదాన్‌కు స్వయంగా వచ్చినవారు పోలెండుకు చెందిన శ్రీ లెక్ వాలెసా. ఓడల కర్మాగారంలో ఎలక్ట్రీషియనుగా ఉండి, 1980లో సాలిడారిటీ సంఘాన్ని నడిపి, 1983లో నోబెల్ శాంతి బహుమతి పొంది, 1990లో తన దేశానికి అధ్యక్షుడైన మనిషి ఆయన. ఆయనను చూసిన జనానికి ఎంత ధైర్యం కలిగి ఉంటుందో వేరుగా చెప్పనక్కరలేదు.

అయితే వేదిక ఎక్కినవారికంటె, బల్ల దగ్గర కూర్చున్నవారు చేసిన పని పెద్దదని మా అభిప్రాయం. నవంబరు 26న మొదటిసారి, తరువాత డిసెంబరు 1న, 6న, కీవ్‌లో ఉభయ పక్షాలనూ ఎదురెదురుగా కూర్చోబెట్టి సంప్రదింపులు జరిపారు. పోలెండు అధ్యక్షుడు శ్రీ క్వాష్నియెవ్‌స్కీ, లిథువేనియా అధ్యక్షుడు శ్రీ ఆదంకుస్, ఐరోపా సమాఖ్య తరఫున శ్రీ సొలానా వచ్చారు. రష్యా పార్లమెంటు సభాపతి శ్రీ గ్రిజ్లోవ్ కూడా అందులో పాల్గొన్నారు.

వీరిలో ఇద్దరి గురించి ఒక మాట. 1989లో పోలెండులో కమ్యూనిస్టు ప్రభుత్వం, సాలిడారిటీ ఒకే బల్ల చుట్టూ కూర్చుని రాజీ పడినప్పుడు క్వాష్నియెవ్‌స్కీ ప్రభుత్వం వైపున కూర్చున్నవారు. వాలెసా ఎదుటి పక్షపు నాయకుడు. 1995లో వాలెసాను ఎన్నికలో ఓడించినవారూ ఆయనే. అటువంటి ఇద్దరు పొరుగుదేశం కోసం ఒకే దారిలో నడిచారు. బల్ల దగ్గర మాట్లాడుకుంటే తుపాకి అవసరం తప్పుతుందని వారికి అనుభవం మీద తెలుసు.

ఇక ఆదంకుస్ 1949లో అమెరికా వెళ్లి, దాదాపు యాభై ఏళ్లు అక్కడ ఉద్యోగం చేసి, తిరిగివచ్చి లిథువేనియాకు అధ్యక్షుడైన మనిషి. తరతరాలుగా పరభాషా ప్రాంతాల్లో స్థిరపడిన మన కుటుంబాలకు ఆయన కథ వినసొంపుగా ఉంటుంది. కెనడాలోని ఉక్రెయిన్ సంతతివారూ ఇటువంటివారే. వారి పూర్వులు 1891 నుంచి అక్కడికి వలస వెళ్లి పొలాలు చేసుకున్నారు. మళ్లీ పోలింగు జరిగినప్పుడు కెనడా ప్రభుత్వం మాజీ ప్రధాని శ్రీ జాన్ టర్నర్ నాయకత్వాన 500 మంది పరిశీలకులను పంపింది. దూరాన ఉన్నా పుట్టింటి మీద మమకారం పోదు. కాని ఆ మమకారం కూడా నిందకు దారి తీయగలదు. యుష్చెంకో భార్య షికాగోలో ఉక్రెయిన్ కుటుంబంలో పుట్టిన ఆవిడ. ఆ కారణం చేతనే ఆయన అమెరికా మనిషని ప్రత్యర్థులు ప్రచారం చేశారు.

తీర్పు ఎవరిది?

నవంబరు 28న తూర్పు ప్రాంతపు నాయకులు సెవెరొదొనెత్స్క్‌లో సభ జరిపి, యుష్చెంకో వస్తే తమకు వేరే ఏర్పాటు కావాలని బెదిరించారు. మాస్కో నగర మేయరు శ్రీ లుజ్కోవ్ ఆ సభకు వచ్చి వారిని సమర్థిస్తూ ఉపన్యసించారు. డిసెంబరు 2న కుచ్మా మాస్కో విమానాశ్రయానికి వెళ్లి పుతిన్‌ను కలుసుకోగా, రెండో విడతను తిరిగి పెట్టినంత మాత్రాన ఏమీ తేలకపోవచ్చునని ఆయన అన్నారు.

మరునాడు, డిసెంబరు 3న, ఉక్రెయిన్ సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. రెండో విడత చెల్లదనీ, డిసెంబరు 26న తిరిగి జరపాలనీ ఆజ్ఞాపించింది. ఆ విచారణను దేశమంతా టెలివిజనులో చూసింది. డిసెంబరు 8న పార్లమెంటులో రాజీ కుదిరింది: ఎన్నికల చట్టాన్ని సవరించారు, దానికి బదులుగా అధ్యక్షుని అధికారాలను కొంత తగ్గించారు. ఇరుపక్షాలూ కొంత వదులుకున్నాయన్న మాట. డిసెంబరు 26న 12 వేలమందికి పైగా విదేశీ పరిశీలకుల ఎదుట జరిగిన పోలింగులో యుష్చెంకోకు 51.99, యనుకోవిచ్‌కు 44.20 శాతం వచ్చాయి. 2005 జనవరి 23న యుష్చెంకో ప్రమాణ స్వీకారం చేశారు. ఇన్ని వారాలు లక్షల జనం వీధుల్లో ఉన్నా, రక్తపాతం లేకుండా గడిచింది.

జోక్యమా, బాధ్యతా?

ఒకరి ఆంతరంగిక వ్యవహారాల్లో మరొకరు తలదూర్చరాదన్నది మనకు తెలిసిన సూత్రమే. 1954లో మన దేశం చైనాతో చేసుకున్న ఒప్పందంలోని పంచశీలలో అదొకటి. చిన్న దేశాలను పెద్ద దేశాల నుంచి కాపాడే కంచె అది. దానిని తేలికగా తీసిపారేయడానికి వీలులేదు.

కాని ఇక్కడ మరొక సంగతి ఉన్నది. ఐరోపా దేశాలు, సోవియట్ యూనియన్‌తో సహా, 1990లో కోపెన్‌హాగెన్‌లో కూడి, ఎన్నికలకు పరదేశపు పరిశీలకులను రానిస్తామని మాట ఇచ్చాయి. 1991లో మాస్కోలోనే కూడి, మానవహక్కులు, ప్రజాస్వామ్యం ఒక్క దేశపు సొంత వ్యవహారం మాత్రమే కావని రాసుకున్నాయి. 1992లో ఉక్రెయిన్ తానుగా ఆ కూటమిలో చేరింది. పిలిచి పీట వేసినవాడు, అతిథి నిజం చెప్పినప్పుడు కోపగించుకోవడం న్యాయం కాదు.

అట్లాగని పశ్చిమ దేశాలు కేవలం ధర్మం కోసమే మాట్లాడాయని మేము అనము. 2003 అక్టోబరులో అజర్‌బైజాన్ ఎన్నికలోనూ అక్రమాలు జరిగాయని పరిశీలకులే చెప్పారు. అక్కడా జనం వీధికెక్కి దెబ్బలు తిన్నారు. చమురు పండే ఆ దేశం విషయంలో ఆ గొంతులు అంత గట్టిగా లేవలేదు. ఒకచోట పలికి మరొకచోట మూగపోయే నీతిని లోకం అనుమానంతోనే చూస్తుంది. ఉక్రెయిన్‌లోని ప్రజాసంఘాలకు అమెరికా డబ్బు ఇచ్చిన మాటా నిజమే. ఆ డబ్బు వల్లనే జనం వచ్చారనడం మాత్రం, మంచులో పడుకున్నవారిని అవమానించడం.

మా దృష్టిలో కొలబద్ద ఒక్కటే. బయటివాడు "ఈ మనిషి గెలవాలి" అంటున్నాడా, లేక "లెక్క సరిగా జరగాలి" అంటున్నాడా? మొదటిది జోక్యం, రెండోది పొరుగువాడి బాధ్యత. లెక్క తేలకముందే అభినందనలు చెప్పడం మొదటి రకం. పార్లమెంటులో ఒక పక్షపు రంగు కండువా వేసుకోవడం కూడా, మనసు ఎంత మంచిదైనా, మొదటి రకానికే దగ్గర. ఇద్దరినీ కూర్చోబెట్టి, తీర్పును ఆ దేశపు కోర్టుకూ ఓటరుకూ వదిలిపెట్టడం రెండో రకం.

ఈ కొలబద్దకు పరీక్ష 2010లో వచ్చింది. అప్పటికి యుష్చెంకో, ఆయన సహచరులు తమలో తాము కలహించుకుని జనం విశ్వాసం పోగొట్టుకున్నారు. తొలి విడతలో ఆయనకు వచ్చినవి 5.45 శాతం ఓట్లే. గెలిచినవారు, ఆ యనుకోవిచ్చే. ఎన్నిక సక్రమంగా జరిగిందని పరిశీలకులు చెప్పారు. పశ్చిమ దేశాలు ఆ ఫలితాన్ని ఒప్పుకున్నాయి. 2004లో లెక్క సరిగా ఉండాలన్నవారి మాట 2010లో నిలిచిందనే చెప్పాలి.

2013 చివర మైదాన్ మళ్లీ నిండింది. ఈసారి తగవు ఎన్నిక మీద కాదు, ఐరోపా సమాఖ్యతో ఒప్పందాన్ని యనుకోవిచ్ ఆపివేయడం మీద. డిసెంబరు 15న అమెరికా సెనేటర్లు శ్రీ మెకెయిన్, శ్రీ మర్ఫీ వేదిక ఎక్కి మాట్లాడారు. కాని ఈ మారు బల్ల దగ్గరి మాటలు ఆలస్యమయ్యాయి. 2014 ఫిబ్రవరిలో తుపాకులు పేలి ఎందరో చనిపోయారు, యనుకోవిచ్ దేశం విడిచి వెళ్లారు. మార్చిలో రష్యా క్రిమియాను కలుపుకొన్నది. 2022 ఫిబ్రవరి 24న దేశం మీదికే దండెత్తింది.

ఆ దండయాత్ర నాడు అక్కడ ఉన్న మన దేశపువారిని, ముఖ్యంగా విద్యార్థులను, ఇరవై రెండు వేలమందికి పైగా వెనుకకు తీసుకువచ్చారు. వారిలో వైద్యం చదవడానికి వెళ్లిన మన తెలుగు పిల్లలూ ఎందరో. ఎక్కడి ఉక్రెయిన్, ఎక్కడి మన ఇళ్లు అనుకున్నవారికి ఆ వారం రోజులు నిద్ర లేదు.

వేదిక ఎక్కి చప్పట్లు కొట్టించుకున్న పరదేశపు నాయకుడు సాయంత్రానికి విమానమెక్కి తన ఊరు చేరుకుంటాడు. ఆ చౌకంలో మిగిలేవారు, మరునాడు ఒకే వీధిలో కలిసి బతకవలసినవారు, ఆ దేశపు ప్రజలే. ఇంటి భాష ఒకటి, వీధి భాష ఒకటిగా తరాలు గడిపిన మనకు ఇది ఒకరు చెప్పవలసిన మాట కాదు. పొరుగువాడు పెద్దరికానికి వచ్చినప్పుడు, తాను వెళ్లిపోయిన తరువాత కూడా ఆ అన్నదమ్ములు ఒక బావి నీళ్లే తోడుకోవాలన్నది గుర్తుంచుకుని మాట్లాడితే, ఆ పెద్దరికం నిలుస్తుంది.