రణభూమిలో పుట్టిన మాట

ఇంగ్లీషు, జర్మన్, స్కాండినేవియా భాషల మూలమైన ప్రాచీన జర్మానిక్‌లో ‘వలజ్’ అనే పదం ఉండేదని భాషావేత్తల నిర్ధారణ. జబ్బుతోనో ముసలితనంతోనో పోయినవారికి ఆ మాట వాడేవారు కాదు. పోరు ముగిశాక యుద్ధరంగంలో పడివున్న హతులందరినీ కలిపి చెప్పేదది. పాత నార్స్‌లో అది ‘వల్ర్’ అయింది, పాత ఇంగ్లీషులో ‘వెల్’ అయింది. ఇంగ్లీషులో ఊచకోత అనే అర్థం కూడా వచ్చి చేరింది.

జర్మన్‌లో ఆ అర్థం మనుషుల నుంచి నేల మీదికి జరిగింది. హతులు పడిన చోటు ‘వాల్‌స్టాట్’, అంటే యుద్ధభూమి. 1241లో లెగ్నిత్సా దగ్గర మంగోలులతో పోరు జరిగిన స్థలంలో వెలసిన ఊరికి ఆ పేరే స్థిరపడింది. ఇప్పుడది పోలండ్‌లో ఉంది. నెపోలియన్‌పై గెలిచిన సేనాని బ్లూషర్‌కు 1814లో ప్రష్యా రాజు ఇచ్చిన బిరుదు ‘వాల్‌స్టాట్ ప్రభువు’.

నార్స్ పురాణాల్లో ఈ మాట దైవత్వాన్ని అందుకుంది. హతులను ఎంచుకునే స్త్రీ ‘వాల్కైరీ’. ఓడిన్ దేవుడు ఆ వీరులను చేర్చుకునే మందిరం ‘వాల్హల్లా’. మన వీరస్వర్గం లాంటిదే అనిపిస్తుంది గానీ, అక్కడి వీరులకు విశ్రాంతి లేదు. లోకాంత యుద్ధం కోసం రోజూ పోరాడుతూనే ఉండాలి. పైగా హతుల్లో సగం మంది ఓడిన్‌కు కాదు, ఫ్రేయా దేవతకు చెందుతారు.

ఇంగ్లండులో ఇదే మాట గతి వేరు. లాటిన్ గ్రంథాలకు అర్థాలు రాసిన క్రైస్తవ పండితులు, గ్రీకుల ప్రతీకార దేవతలకూ రోమన్ల యుద్ధదేవత బెల్లోనాకూ ‘వాల్కైరీ’కి పాత ఇంగ్లీషు రూపమైన ‘వెల్‌కురియె’ అనే పదాన్ని సమానార్థకంగా పెట్టారు. 11వ శతాబ్ది తొలినాళ్లలో ఆర్చిబిషప్ వుల్ఫ్‌స్టాన్ తన ప్రసంగంలో దేశాన్ని చెడగొడుతున్న పాపుల జాబితా చెబుతూ మంత్రగత్తెల పక్కనే ఆ మాటను చేర్చాడు. దేవుడి దూతిక మామూలు దోషి అయిపోయింది. పదానికి ఇంతకంటే పెద్ద పతనం ఊహించడం కష్టం.

విడిగా వాడే మాట క్రమంగా మరుగునపడింది, సమాసాలు మాత్రం మిగిలాయి. 19వ శతాబ్దిలో వాటికి కొత్త ప్రాణం వచ్చింది. 1870లో వాగ్నర్ ‘వాల్కైరీ’ ఒపెరా మ్యూనిక్‌లో తొలిసారి ప్రదర్శితమైంది. అంతకుముందే, 1842లో, బవేరియా రాజు మొదటి లుడ్విగ్ డాన్యూబ్ ఒడ్డున వాల్హల్లా పేరుతో స్మారక మందిరం ప్రారంభించాడు. అందులోని ప్రతిమలు గొయ్‌థే, మొజార్ట్, కోపర్నికస్ వంటివారివి. అర్హత యుద్ధంలో చావడం కాదు, ప్రతిభ. 1819లో 76 ఏళ్ల వయసులో అనారోగ్యంతో కన్నుమూసిన బ్లూషర్ ప్రతిమ కూడా అక్కడే ఉంది.